ఒకే స్పీకర్ క్యాబినెట్, రెండు ఆంప్లిఫయర్లు: మార్చే ముందు జాగ్రత్తలు

పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల దసరా వేదికల మీద ఒకే క్యాబినెట్‌తో రెండు గిటార్ ఆంప్‌లు వాడే మన కళాకారులు, జనం ఎదురుచూస్తున్నా సరే, రెండింటినీ ఆపిన తరువాతే స్పీకర్ కేబుల్ మార్చాలి. రెండు అవుట్‌పుట్‌లనూ ఒకేసారి క్యాబినెట్‌కు కలపడం ఎన్నడూ తగదు.

వాల్వు ఆంప్ (వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే ఆంప్లిఫయర్) విషయంలో మరింత మెలకువ అవసరం. స్పీకర్ లోడ్ లేకుండా, అంటే స్పీకర్ తగిలించకుండా, దానిని వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి అమాంతం పెరిగి చుట్టలు కాలిపోయే ప్రమాదం ఉంది కనుక, క్యాబినెట్‌ను ఒక ఆంప్ నుంచి మరొకదానికి మార్చే స్విచ్ పెట్టె వాడేవారు, ఖాళీగా ఉన్న ఆంప్‌కు అది డమ్మీ లోడ్ (స్పీకర్‌కు బదులుగా నిలిచే నిరోధం) అందిస్తుందో లేదో ముందే నిర్ధారించుకోవాలి.

క్యాబినెట్ వెనుక ఇంపెడెన్స్ (కరెంటుకు స్పీకర్ చూపే అడ్డు) 8 ఓమ్‌లని ఉంటే, ఆంప్ మీది ఓమ్‌ల సెలెక్టర్‌ను కూడా 8 దగ్గరే ఉంచాలి. గిటార్ కేబుల్‌కూ స్పీకర్ కేబుల్‌కూ కొసన ఉండేది అదే 6.35 మిల్లీమీటర్ల జాక్. అయినా గిటార్ కేబుల్‌లోని సన్నని తీగ ఆంప్ స్పీకర్‌కు పంపే కరెంటును మోయలేదు, దానిని ఇక్కడ వాడరాదు.