పాత ట్రాక్టరు, గడ్డి కోసే కటర్ బార్ మళ్లీ బయటికి తీస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

అనంతపురం వైపు ఏడాదికి పడేదే అటూ ఇటూగా 550 మిల్లీమీటర్ల వాన, అందులో పెద్ద ఆధారం సెప్టెంబరు నెల. ఆ వానకు లేచిన గడ్డి, జొన్న చొప్ప కోతకొచ్చే సమయానికి కూలీలంతా బుడ్డలు (వేరుశనగ) పీకడానికి పోయి ఉంటారు. అందుకే కొట్టంలో మూలన పడేసిన పాత ట్రాక్టరును, దాని వెనక తగిలించే కటర్ బార్‌ను మళ్లీ పనిలోకి దించాలని చాలామంది రైతులు చూస్తున్నారు. మంచి ఆలోచనే. కానీ కోత సాఫీగా సాగుతున్నంతసేపు నాకు పెద్దగా భయం లేదు. రిపేరు చేసేటప్పుడు, మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు, ఇంకా చేలో గడ్డి ఇరుక్కుని బ్లేడు ఆగిపోయినప్పుడు మనిషి కిందికి దిగుతాడు చూడండి, నా టెన్షన్ అంతా ఆ మూడు సందర్భాల గురించే.

కొట్టంలోకి పోగానే చెయ్యి పెట్టొద్దు. పొడుగాటి కట్టెతో సీటు కింద, బ్యాటరీ పెట్టె చుట్టూ, కటర్ బార్ పడేసిన చోట తట్టి చూడండి. రక్తపింజర, కట్లపాము, తేళ్లు ఉండే చోట్లే అవి. సైలెన్సర్ గొట్టంలో కందిరీగలు గూడు కట్టి ఉంటాయి. పాము కరిస్తే కోయడం, గట్టిగా తాడు బిగించడం, నాటుమందు పెట్టడం ఏవీ వద్దు, కదలకుండా కూర్చోబెట్టి 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే ఆసుపత్రికి తీసుకుపోండి.

తర్వాత ఎయిర్ క్లీనర్. పాత బండ్లలో ఎక్కువగా ఆయిల్ పోసే రకమే ఉంటుంది. కింది గిన్నె క్లిప్పు తీసి చూస్తే అడుగున నల్లటి జిగురు, దాని మీద ఎలుక బొచ్చు, బుడ్డల పొట్టు, గోనె పీచు కనిపిస్తాయి. ఎలుకలు మూత్రం పోసిన చోట ఉత్త చేతులతో కెలకొద్దు, గాయాలుంటే ఎలుక జ్వరం అంటుకోవచ్చు, గ్లౌజులు వేసుకుని తడి గుడ్డతో తుడవండి. గిన్నె నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు పైపును వంచి చూడండి. చీలికలుంటే దుమ్ము నేరుగా బోరులోకి పోయి రింగులు అరిగిపోతాయి. సైలెన్సర్ మొదట్లో గూడు ఉంటే వేడికి అంటుకుంటుంది. వైర్ల తొడుగు ఎలుకలు కొరికి ఉంటే బ్యాటరీ తగిలించక ముందే మార్చుకోవాలి. బ్యాటరీ తీసేటప్పుడు ముందు నెగెటివ్, తగిలించేటప్పుడు చివర నెగెటివ్. ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ దగ్గర బీడీ వెలిగించొద్దు, దాంట్లోంచి వచ్చే గ్యాసు పేలడానికి ఒక్క నిప్పురవ్వ చాలు.

సైలెన్సర్‌కు మూత లేకుండా బండి వానలో నిలబడి ఉంటే సిలిండర్‌లోకి నీళ్లు దిగి ఉండొచ్చు. అది తెలియక సెల్ఫ్ కొడితే నీళ్లు నొక్కుకోవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకే ముందు నాజిళ్లు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) విప్పి, కొంచెం ఇంజన్ ఆయిల్ పోసి నానబెట్టి, చేత్తో తిప్పి చూశాకే సెల్ఫ్ సంగతి. పాత డీజిల్ మొత్తం దించేయండి, అడుగున నీళ్లు, బురద ఉంటాయి. ఫిల్టర్లు కొత్తవి వేసి, డీజిల్ పైపుల్లో చేరిన గాలిని బయటికి పంపండి, దాన్నే ఎయిర్ తీయడం అంటారు.

ఎయిర్ తీసేటప్పుడు ఒక మాట బాగా గుర్తుపెట్టుకోండి. నాజిల్ కొడుతోందో లేదో చూడ్డానికి వేలు అడ్డం పెట్టేవాళ్లు ఉన్నారు. ఆ ఒత్తిడికి డీజిల్ సూదిలాగా చర్మం లోపలికి దూరిపోతుంది. పైకి చిన్న చుక్క మాత్రమే కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు, దాంతో పట్టించుకోరు. గంటల్లో వేలు వాచి, లోపల కండ కుళ్లడం మొదలవుతుంది. అలా జరిగితే వెంటనే పెద్దాసుపత్రికి పోయి "డీజిల్ లోపలికి కొట్టింది" అని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి, ఉత్త గాయం అనుకుని కట్టు కట్టి పంపించేస్తే వేలు పోతుంది.

ఇక స్టార్టింగ్. తాళం పని చేయడం లేదని కింద నిలబడి, పెద్ద టైరు ముందు వంగి, స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ మోటారు కొసలు కలిపి డైరెక్ట్‌గా స్టార్ట్ చేసే అలవాటు మన దగ్గర ఊరూరా ఉంది. దయచేసి మానేయండి. బండి గేరులో ఉందని మర్చిపోతే ఇంజన్ అందుకున్న మరుక్షణం వెనక టైరు మీదికే వస్తుంది, పక్కకు తప్పుకునే టైము ఉండదు. మార్చాల్సింది వైరో స్విచ్చో, దానికయ్యే ఖర్చు ఎంతని? ఎప్పుడూ సీటులో కూర్చుని, గేరు న్యూట్రల్ చేసి, పీటీఓ (వెనక తగిలించిన మిషన్‌ను ఇంజన్ బలంతో తిప్పే షాఫ్టు) లివర్ ఆఫ్‌లో పెట్టి, క్లచ్ తొక్కి, టైర్లకు రాళ్లు పెట్టి మాత్రమే స్టార్ట్ చేయండి. కొట్టం లోపల వద్దు, ఆ పొగ మూసిన చోట ప్రాణం తీస్తుంది. చాలాకాలం ఆగిన డీజిల్ పంపులో లోపలి భాగం బిగుసుకుపోయి ఉంటే ఇంజన్ రేసు ఎక్కిపోతుంది, స్టాప్ రాడ్ లాగినా ఆగదు. అప్పుడు గాలి పోయే దారి మూసేయడానికి ఒక మందపాటి చెక్క పక్కనే ఉంచుకోండి, చెయ్యి మాత్రం అడ్డం పెట్టొద్దు. అందుకోవడం లేదని గాలి గొట్టంలో పెట్రోలు పోయడం కూడా వద్దు.

బండి లేచింది కదా అని వెంటనే చేనికి తోలకండి. బ్రేకులు చూడండి, రోడ్డెక్కేటప్పుడు రెండు పెడళ్లనూ కలిపి లాక్ వేయండి. జాకీ ఒక్కదాని మీద నమ్మకం పెట్టుకుని కిందికి దూరొద్దు, మొద్దులు పేర్చండి.

కటర్ బార్ దగ్గరికొద్దాం. ఒక పొడుగాటి పట్టీకి 3 ఇంచుల వెడల్పు త్రికోణం బ్లేడ్లు రివెట్లతో బిగించి ఉంటాయి, అవి ఇనుప వేళ్ల మధ్య అటూ ఇటూ కొట్టుకుంటూ గడ్డి కోస్తాయి. చాలామందికి తోచనిది ఏమిటంటే, ఇంజన్ ఆపేసినా, పీటీఓ విప్పేసినా, బ్లేడును ఆడించే చక్రాన్ని ఎవరైనా చేత్తో కాస్త తిప్పితే చాలు బ్లేడు కదులుతుంది. ఒకరు ఇక్కడ గ్రీజు పెడుతూ చక్రం తిప్పుతారు, ఇంకొకరి వేలు అక్కడ బ్లేడు మధ్య ఉంటుంది. కాబట్టి ఇద్దరు చేస్తున్నప్పుడు బ్లేడు దగ్గరున్న మనిషి "తిప్పు" అని నోటితో చెప్పాకే రెండో మనిషి చక్రం ముట్టాలి. బార్ మోసేటప్పుడు బ్లేడ్ల మీద నిలువుగా చీల్చిన ప్లాస్టిక్ పైపు తొడగండి. విరిగిన బ్లేడు రివెట్లు కొట్టేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి.

బ్లేడు అటు చివరకు, ఇటు చివరకు వచ్చి ఆగినప్పుడు దాని మధ్య గీత ఇనుప వేలి మధ్యకు సరిగ్గా రావాలి. బార్ బయటి కొస కూడా లోపలి కొస కంటే అడుగుకు పావు ఇంచు చొప్పున ముందుకు ఉండాలి, అంటే 6 అడుగుల బార్‌కు ఇంచున్నర. ఇదంతా కోత బాగా రావడానికే అనుకోకండి. ఈ లెక్క తప్పినా, బ్లేడు మొద్దుబారినా పది గజాలకోసారి గడ్డి ఇరుక్కుంటుంది, ఇరుక్కున్న ప్రతిసారీ దిగి కాలితో తన్నడమో చేత్తో పీకడమో చేస్తారు. వేళ్లు పోయేది అక్కడే. ఇరుక్కుంటే పీటీఓ ఆపండి, ఇంజన్ ఆపండి, తాళం తీసి జేబులో వేసుకుని దిగండి, కట్టెతో లాగేయండి. గడ్డి బిగదీసి పట్టుకున్న బ్లేడు, అది తీయగానే ఒక్కసారిగా జరుగుతుంది, అది కూడా గుర్తుంచుకోండి.

రాయి తగిలితే బార్ వెనక్కి మడుచుకుపోయేలా ఒక లాచ్ ఉంటుంది. తుప్పు పట్టిందని దాన్ని వెల్డింగ్ కొట్టించొద్దు, మన చేలల్లో రాళ్లకు కొదవ లేదు. నూనె పోసి వదులు చేయించండి. ముందురోజే చేను నడిచి రాళ్లు, కంచె తీగలు, డ్రిప్ పైపులు తీసేయండి. బార్ నిలువుగా ఎత్తి తోలేటప్పుడు పైన కరెంటు తీగలు చూడండి. పాత బండ్లకు బోల్తా పడితే కాపాడే ఫ్రేము ఉండదు కాబట్టి ఏటవాలు గట్ల మీదికి ఎక్కించొద్దు.

పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9 చుట్లు తిరుగుతుంది. లుంగీ కొస, భుజం మీది టవలు, పైట, ఏది చిక్కినా మనం లాక్కునేలోపు అయిపోతుంది. షాఫ్టు మీది గార్డు విరిగి ఉంటే కొత్తది వేయకుండా బండి కదపొద్దు. ప్యాంటు, బిగువు చొక్కా, బూట్లు. పిల్లల్ని మడ్గార్డు మీద కూర్చోబెట్టొద్దు. ఎండుగడ్డిలో వేడి సైలెన్సర్‌తో నిప్పు పుడుతుంది, ఒక డ్రమ్ము నీళ్లు, తడి గోనె సంచులు చేలో ఉండాలి.

పశువుల గురించి కూడా ఒక మాట. మిషన్ ఉంది కదా అని వాన లేక వాడిన లేత జొన్నను కోసి ఎనుములకు వేయకండి, అందులో సైనైడ్ విషం ఉంటుంది, నిమిషాల్లో పడిపోతాయి. పూత వచ్చాకే కోయండి.

మిషన్ పని కొత్తగా నేర్చుకునే కుర్రాళ్లకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది, ట్రాక్టరు నడపడం, మెయింటెనెన్సు అక్కడ నేర్పుతారు.

చేనికి ఒక్కరే పోవద్దు, రెండో మనిషికి బండి ఆపడం వచ్చి ఉండాలి. వేలు తెగితే గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టండి. తెగిన ముక్కను తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో కట్టి, ఆ కవర్ను ఐసు మీద పెట్టండి, ముక్కను మాత్రం నేరుగా ఐసులో వేయొద్దు. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ప్రభుత్వ పెద్దాసుపత్రులు ఉన్నాయి, మీ చేనికి ఏది దగ్గరో, దారి ఎటో కోతకు ముందే అనుకుని పెట్టుకోండి.