రాత్రి మూత్రానికి పదేపదే లేస్తున్నారా? గురక సంగతి కూడా చూడండి

రాత్రి రెండు మూడు సార్లు మూత్రానికి లేవవలసి వస్తే మనవాళ్లు ముందు షుగరును, మగవారైతే ప్రోస్టేటును అనుమానిస్తారు. ఆ పరీక్షలు చేయించుకోవలసిందే. కానీ వాటిలో ఏమీ తేలకపోయినా, మందులు వాడుతున్నా తగ్గకపోయినా, మీ గురక ఎలా ఉంటుందో, మధ్యలో ఊపిరి ఆగుతోందో లేదో పక్కన పడుకునేవారిని అడగాలి.

నిద్రలో గొంతు దారి మూసుకుపోయి, కనీసం పది సెకన్లపాటు ఊపిరి ఆగడాన్ని స్లీప్ ఆప్నియా అంటారు. మూసుకున్న దారి గుండా గాలిని లాగడానికి ఛాతీ పెనుగులాడినప్పుడు లోపలి పీడనం పడిపోయి, గుండె కుడివైపుకు రక్తం ఎక్కువగా చేరి, పై గది గోడలు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె పొరబడి ఏట్రియల్ నాట్రియురెటిక్ పెప్టైడ్ అనే హార్మోనును వదులుతుంది; దాని ప్రభావంతో మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ బయటికి పంపుతాయి. దీనికి తోడు ఊపిరి ఆగినప్పుడల్లా మెదడు కాస్త మేలుకుంటుంది కాబట్టి, గాఢనిద్రలో తెలియని కొద్దిపాటి మూత్రం కూడా అప్పుడు తెలుస్తుంది. మూత్రం కోసమే మెలకువ వచ్చిందని అనుకునేవారిలో కొందరికి నిజానికి ఊపిరాడకే మెలకువ వస్తుంది.

డాక్టరును కలిసే ముందు మూడు రోజులపాటు లెక్క రాయండి. కొలత గీతలున్న మగ్గు ఒకటి బాత్‌రూములో ఉంచుకుని, ప్రతిసారీ వేళనూ పరిమాణాన్నీ, తాగిన నీళ్లనూ టీకాఫీలనూ నోటుబుక్కులో రాయాలి. పడుకోబోయే ముందు పోసిన మూత్రం పగటి లెక్కలోకి, తెల్లవారి లేవగానే పోసినది రాత్రి లెక్కలోకి వస్తాయి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. రోజు మొత్తం 1,500 మిల్లీలీటర్లలో రాత్రిది 600 అయితే అది 40 శాతం. 65 ఏళ్లు దాటినవారిలో 33 శాతం, యువకుల్లో 20 శాతం మించితే రాత్రి మూత్రం అతిగా తయారవుతోందని అర్థం. అలాకాక ప్రతిసారీ కొద్దికొద్దిగానే వస్తూ, పగలు కూడా అదే తీరుగా ఉంటే మూత్రాశయాన్నో ప్రోస్టేటునో ముందుగా చూడాలి.

గురకను ఫోనులో రికార్డు చేసి తీసుకెళ్లండి. పొద్దున తలనొప్పి, నోరు ఎండిపోవడం, పగటి నిద్రమత్తు, లొంగని బీపీ, 40 సెంటీమీటర్లు మించిన మెడ చుట్టుకొలత ఉంటే అవి కూడా చెప్పండి. స్త్రీలలో గురక అంతగా లేకుండా అలసట, నిద్రలేమి మాత్రమే కనిపించవచ్చు. కాళ్లు వాచినా, ఆయాసం వచ్చినా గుండె పరీక్షను వాయిదా వేయకూడదు.

ఊపిరితిత్తుల వైద్యుడు గానీ చెవి ముక్కు గొంతు వైద్యుడు గానీ నిద్ర పరీక్ష రాస్తారు. గంటకు 5 నుంచి 15 సార్లు ఊపిరి ఆగినా, బాగా తగ్గినా స్వల్పమని, 30 దాటితే తీవ్రమని లెక్క. 1981లో సిడ్నీలో కాలిన్ సల్లివాన్ బృందం వివరించిన సీప్యాప్ యంత్రం మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు దారిని తెరిచి ఉంచుతుంది. అది సరిగ్గా కుదిరినవారిలో చాలామందికి రాత్రి లేవడం తగ్గుతుంది. ఈలోగా మద్యం, సొంతంగా కొనుక్కునే నిద్రమాత్రలు మానాలి. అవి గొంతు కండరాలను మరింత వదులు చేస్తాయి. బీపీకి వాడే నీటి మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు, దానిని ఏ వేళకు మార్చుకోవచ్చో డాక్టరును అడగండి.

యంత్రం అలవాటయ్యాక మళ్లీ మూడు రోజుల లెక్క రాసి పాతదానితో పోల్చి చూడండి. అంకెలు కదలకపోతే మాస్కు నుంచి గాలి కారుతోందేమో ముందు చూపించుకుని, ఆ తరువాతనే మిగతా కారణాల వైపు వెళ్లండి.