డ్రమ్ బ్రేకా, డిస్క్ బ్రేకా? మీ బండికి ఏది సరిపోతుందో తేల్చుకోవడం ఎలా?

ఒకే మోడల్‌లో డ్రమ్ వేరియంట్, డిస్క్ వేరియంట్ రెండూ ఉంటే "డిస్కే తీసుకో, బ్రేక్ గట్టిగా పడుతుంది" అని ఎవరో ఒకరు అనేస్తారు. ఆ మాటలో నిజం సగమే. చక్రాన్ని గట్టిగా పట్టడంలో డ్రమ్ ఏమీ తీసిపోదు. పట్టినప్పుడు పుట్టే వేడిని వదిలించుకోవడంలోనే దానికి ఇబ్బంది. అందుకే పోలిక వేడి దగ్గర మొదలుపెట్టాలి.

1. ఏ చక్రానికి ఏముందో చూడండి

చక్రం సందుల్లోంచి మెరిసే గుండ్రటి ఇనుప పలక, దాని అంచును పట్టుకుని ఉండే బిగింపు (కాలిపర్) కనిపిస్తే అది డిస్క్. కాలిపర్‌లోని ప్యాడ్లు ఆ పలకను రెండు పక్కల నుంచీ నొక్కుతాయి. బోర్లించిన గిన్నెలా మూసుకుని ఉంటే డ్రమ్. లోపలి రెండు షూలు, అంటే వంపు తిరిగిన బ్రేక్ దిమ్మలు, విచ్చుకుని దాని గోడకు ఒరుసుకుంటాయి.

బ్రేక్ వేయగానే బరువు ముందుకు పడుతుంది కాబట్టి ఎక్కువ పని ముందు చక్రాలదే. కారుకు ముందు డిస్క్, వెనక డ్రమ్ ఉందని పెదవి విరవనక్కర్లేదు. టూవీలర్‌కు ఒక్క చక్రానికే డిస్క్ వస్తుందంటే మాత్రం అది ముందు చక్రానికే ఉండాలి.

2. మీ దారుల్లో ఎంత వేడి పుడుతుందో అంచనా వేయండి

బండి వేగమంతా బ్రేకుల్లో వేడిగా మారుతుంది. వేగం రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. 1,200 కిలోల కారును 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆపితే సుమారు 460 కిలోజౌళ్లు, 50 నుంచి ఆపితే 115. అదే కారు 500 మీటర్ల ఎత్తు నుంచి ఘాట్ రోడ్డు దిగితే దాదాపు 5,900 కిలోజౌళ్లు! అంటే 100 వేగం నుంచి దాదాపు పదమూడుసార్లు ఆపినంత. అందులో కొంత ఇంజిన్, గాలి లాగేసుకుంటాయి, మిగతాది బ్రేకుల మీదే పడుతుంది.

వేడెక్కిన డ్రమ్ వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది, పెడల్ ఇంకా లోపలికి తొక్కాల్సి వస్తుంది. షూల మీద ఒరుసుకునే పొర, అంటే లైనర్ల, పట్టు కూడా సడలుతుంది. డిస్క్ గాలికి తెరిచి ఉంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది, ఉబ్బినా ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది. ఘాట్లు, హైవే వేగాలు, నిండా లోడు ఉండే వాళ్లకు డిస్క్ మేలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. అయినా దిగేటప్పుడు చిన్న గేరులో ఉండాల్సిందే. ఆ పని ఏ బ్రేకూ మీ బదులు చేయదు.

3. నీళ్లు, బురద సంగతి

డిస్క్ మీద పడ్డ నీళ్లు తిరిగే వేగానికే చిమ్ముకుపోతాయి. డ్రమ్‌లోకి చిన్న తుంపర్లు రావు గానీ, లోతు నీళ్లలో దిగి ఒకసారి తడిస్తే తొందరగా ఆరదు. బయటికొచ్చాక నెమ్మదిగా పోతూ బ్రేక్ తేలిగ్గా నొక్కుతూ ఆరబెట్టాలి.

4. డ్రమ్‌కు రావాల్సిన మార్కులు ఇవ్వండి

చక్రం తిరిగే దిశే ఒక షూను డ్రమ్‌కేసి ఇంకా గట్టిగా లాగుతుంది. అందుకే తక్కువ బలంతో పని జరుగుతుంది, చిన్న బైకుల్లో ఉత్త కేబుల్‌తోనే నడుస్తుంది. హ్యాండ్ బ్రేక్ అమర్చడం కూడా సులువు. ఎలక్ట్రిక్ కార్లలో మోటారే చాలావరకు వేగం తగ్గిస్తుంది, వాడకం తగ్గిన డిస్క్ తుప్పు పడుతుంది. ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.4 లాంటి కొత్త కారు వెనక డ్రమ్ పెట్టుకోవడం వింతేమీ కాదు.

5. మెయింటెనెన్స్ పోల్చండి

ప్యాడ్ ఎంత మిగిలిందో చాలా బండ్లలో టార్చి వేసి చూస్తే తెలిసిపోతుంది. కారు ప్యాడ్ 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చే వేళయినట్టే. డ్రమ్‌లో లైనర్ చూడాలంటే విప్పాలి. చాలా బైకుల్లో మాత్రం డ్రమ్ ప్లేటు మీద బాణం గుర్తు ఉంటుంది, బ్రేక్ నొక్కినప్పుడు అది హద్దు గీతకు చేరితే షూలు అయిపోయినట్టు. విప్పాక లోపలి దుమ్మును గాలి కొట్టి ఊదకండి, ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఆయిల్‌తో నడిచే బ్రేక్ ఏదైనా, ఆ బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకానికి కొత్తప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు, తేమ పట్టాక అది కనీసం 155 ఉంటే చాలని ప్రమాణం. మాన్యువల్‌లో చెప్పిన గడువుకు మార్చేయండి.

6. చివరగా నడిపి చూడండి

ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని, 30 వేగంలో మెల్లగా ఒకసారి, కాస్త గట్టిగా ఒకసారి ఆపండి. బండి ఒక పక్కకు లాగినా, పెడల్ అదిరినా, మెత్తగా లోపలికి దిగిపోయినా కొనకముందే మెకానిక్‌కు చూపించండి. ఒక్కసారి ఆపడంలో రెండింటికీ పెద్ద తేడా కనబడకపోతే ఆశ్చర్యపోకండి, అక్కడ హద్దు టైరు గ్రిప్పే. అందుకే టైర్లు కూడా అప్పుడే చూసేయండి.