సంభావ్యతకు అర్థాలు – 3: నమ్మకానికి ధర కట్టడం

పోయిన పాఠంలో గణితవేత్త రిచర్డ్ ఫాన్ మీజెస్ లెక్క చూశాం. ఒకే ప్రయోగం పదేపదే చేస్తూ పోతే, ఒక ఫలితం ఎన్నో వంతు సార్లు వస్తోందో ఆ నిష్పత్తి చివరికి నిలిచే విలువే సంభావ్యత. పాచికలకు ఇది చక్కగా సరిపోతుంది. మరి రేపటి వాన? రేపు అనేది ఒక్కసారే వస్తుంది. అలాంటిదానికి సంభావ్యత అన్న మాటే వర్తించదని మీజెస్ తేల్చేశాడు. నాకు మాత్రం ఒప్పుకోబుద్ధి కాదు. మనకు టెన్షన్ పెట్టేవన్నీ ఒక్కసారి జరిగేవే కదా: అమ్మ ఆపరేషన్, పిల్లాడి పరీక్ష, ఈ ఏటి పంట.

కేంబ్రిడ్జిలో ఫ్రాంక్ రామ్సీ అనే యువ గణితవేత్త 1926లో రాసిన వ్యాసం ఇంకో దారి చూపింది. పాపం, 1930లో 26 ఏళ్లకే పోయాడు. వ్యాసం మరుసటి ఏడు అచ్చయింది. సంభావ్యత అంటే మన నమ్మకం ఎంత గట్టిదో చెప్పే కొలత, ఆ గట్టిదనం పందెంలో బయటపడుతుంది అన్నాడు. ఇటలీలో గణితవేత్త బ్రూనో డి ఫినెట్టి కూడా విడిగా ఇదే ఆలోచనకు వచ్చాడు.

కాగితం, పెన్ను తీసుకోండి. రేపు వాన పడితే 100 రూపాయలిచ్చే చీటీ ఒకటి ఉందనుకోండి. దానికి ధర రాయండి. ఆ ధరకు మీరు కొనాలో అమ్మాలో ఎదుటివాడు తర్వాత చెబుతాడు, కాబట్టి పెంచీ తగ్గించీ లాభం లేదు. 70 అని రాస్తే మీ నమ్మకం 0.7.

ఇప్పుడు వాన పడకపోతే 100 ఇచ్చే చీటీకీ ధర రాయండి. 40 అన్నారనుకుందాం. ఎదుటివాడు రెండూ మీకే అమ్ముతాడు. మీ జేబులోంచి 110 పోతాయి. పడినా పడకపోయినా తిరిగొచ్చేది 100. మబ్బు వైపు చూడకముందే 10 రూపాయలు నష్టం! 20 అంటే, రెండూ మీ దగ్గర 90కి కొని 100 వసూలు చేస్తాడు. 30 అంటేనే గట్టెక్కుతారు. అంటే రెండు సంభావ్యతలూ కలిపితే 1 కావాలి. 1933లో రష్యా గణితవేత్త కోల్మొగొరోవ్ సంభావ్యతకు పెట్టిన మూలసూత్రాల నుంచి వచ్చే నియమమే, ఇక్కడ మోసపోకూడదన్న జాగ్రత్తలోంచి పుట్టింది. ఎన్నిసార్లు చదివినా నాకు ఇది అబ్బురమే.

అయితే ముసురు పట్టి ఉన్నా వాన పడడానికి 5, పడకపోవడానికి 95 అని రాసినవాణ్ణి ఈ పరీక్ష తప్పు పట్టలేదు. అది పెద్ద లోటే.

అందుకే ఈ అభ్యాసం: 30 రోజులు, రోజూ రాత్రి మీ ధర రాసి, మర్నాడు వాన పడిందో లేదో పక్కన రాయండి. 70 అని రాసిన రోజుల్ని విడదీసి, వాటిలో ఎన్నిట వాన పడిందో లెక్కపెట్టండి. వచ్చే పాఠం ఆ పట్టికతోనే మొదలుపెడదాం.