ఉన్నట్టుండి చూపులో తేడా వచ్చిందా? ముందు ఒక కన్ను మూయండి

కంటి ఓపీలో చూపు పరీక్షలు చేసే పని నాది. "ఏ కంట్లో మసక?" అని అడిగితే చాలామంది రెండు కళ్లూ ఒకసారి ఆర్పి, "ఏమోనండీ, మొత్తానికి తేడాగా ఉంది" అంటారు. అరచెయ్యి అడ్డం పెట్టుకుంటే అర నిమిషంలో తేలే సంగతి ఇది. రెండు కళ్లూ తెరిచి ఉంటే చెడిన కంటి లోటును బాగున్న కన్ను కప్పేస్తుంది. బాగున్న కంట్లో నలక పడి నలుపుకున్నప్పుడు గానీ రెండోది బయటపడదు. "నిన్ననే పోయిందండీ" అంటారు. నిన్న పోలేదు, నిన్న తెలిసింది.

కళ్లద్దాలు ఉంటే పెట్టుకునే ఒక కన్ను మూయండి. అరచేత్తోనే, నొక్కకుండా. వేళ్లతో మూస్తే సందుల్లోంచి చూసేస్తారు. ఎదురుగా గోడ క్యాలెండర్‌లో ఒక తేదీ చూడండి. అంకె కనిపించగానే ఆపేయకండి. చూపు దాని మీదే ఉంచి పైన ఫ్యాను, కింద గడప, అటు తలుపు, ఇటు కిటికీ తెలుస్తున్నాయో లేదో గమనించండి. తర్వాత రెండో కన్ను.

మెరుపులు, తేలే నల్ల చుక్కలు, అంచు నుంచి నీడ

నేను దెబ్బతిన్నది ఇక్కడే. పనిలో చేరిన కొత్తలో ఒక శనివారం సాయంత్రం నలభై దాటిన ఒకాయన వచ్చారు. చిన్నప్పటి నుంచి మైనస్ ఏడు అద్దాలు. "మూడు రోజులుగా కంట్లో దోమలు తిరుగుతున్నట్టుంది, చీకట్లో తల తిప్పితే మెరుపు" అన్నారు. చార్టు చివరి వరుస దాకా గడగడా చదివేశారు. నొప్పి లేదు, ఎరుపు లేదు. సోమవారం రమ్మన్నాను. సోమవారం ఆ కంటితో నా వేళ్లు లెక్కపెట్టలేకపోయారు.

జరిగింది ఇదీ. కంటి లోపల జెల్లీ లాంటి పదార్థం ఉంటుంది. వయసు మీద పడేకొద్దీ అది కుంచించుకుని రెటీనా (కంటి వెనక గోడకు అంటుకుని వెలుతురును పట్టే పలుచని పొర) నుంచి విడిపోతుంది. మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్లకు ఇది ముందే వస్తుంది. విడిపోతూ రెటీనాను లాగితే మెరుపులు. చాలామందికి అంతటితో సరి. కొందరికి మాత్రం ఆ లాగుడుకు రెటీనా చిరుగుతుంది. చిరుగులోంచి నీరు వెనక్కి దూరి, చెమ్మగోడ మీద కాగితం ఊడినట్టు పొర ఊడుతుంది. రెటీనాకు నొప్పి తెలియదు. పైగా ఊడటం సాధారణంగా అంచున మొదలవుతుంది. నడిమి భాగం ఊడేదాకా అక్షరాలు నిక్షేపంగా కనిపిస్తాయి. అందుకే చార్టు చదివారంటే కన్ను బాగున్నట్టు కాదు.

ఇంకో మెలిక ఉంది. పొర ఊడిన మేర చూపులో నీడ పడుతుంది. కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి, నీడ కింద నుంచి పైకి లేస్తోందంటే ఊడింది పైభాగం. నీరు బరువుకు కిందికి దిగుతుంది కనుక అది నడిమికి త్వరగా చేరుతుంది. అప్పుడు గంటలు కూడా లెక్కే.

చిరుగు దశలోనే దొరికితే దాని చుట్టూ లేజర్ చేసి అదే రోజు ఇంటికి పంపేస్తారు. పొర ఊడాక చాలావరకు ఆపరేషనే. లోపల గ్యాసో సిలికాన్ ఆయిలో నింపితే రోజుల తరబడి బోర్లా పడుకోమనవచ్చు. గ్యాస్ ఉన్నన్నాళ్లు విమానం ఎక్కకూడదు. నడిమి భాగం కూడా ఊడిపోతే, అతికించినా పాత చూపు పూర్తిగా రావడం కష్టం.

కాబట్టి ఆ రోజే రెటీనా డాక్టరున్న చోటికి వెళ్లండి. అద్దాల షాపు కంప్యూటర్ పరీక్ష దీనికి పనికిరాదు, అది కొలిచేది పవరే. కంటిపాప పెద్దదయ్యే చుక్కల మందు వేసి లోపల చూడాలి. తర్వాత కొన్ని గంటలు మసక ఉంటుంది, బండి మీరు నడపకండి. శుక్లం ఆపరేషన్ అయిన కన్ను కదా, ఇక భయం లేదనుకోవద్దు. ఆ కంట్లో ఈ ముప్పు కాస్త ఎక్కువే. ఏళ్లుగా ఉన్న ఒకటి రెండు చుక్కలకు టెన్షన్ పడక్కర్లేదు. కొత్తగా, గుంపుగా వస్తేనే. షుగరున్నవాళ్లకు మసి రాలినట్టు కనిపిస్తే లోపల రక్తం కారి ఉండొచ్చు, వాళ్లూ అదే రోజు వెళ్లాలి.

ఎర్రబడిన కన్ను, తల పగిలే నొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు

ఉన్నట్టుండి వచ్చే నీటికాసుల వ్యాధి (గ్లకోమా). కంట్లో నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి, మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండే ఒత్తిడి 50 కూడా దాటవచ్చు. వాంతులు చూసి గ్యాస్ ట్రబుల్ అనుకుని మాత్రలు మింగి పడుకునేవాళ్లే ఎక్కువ. తెల్లారేదాకా ఆగొద్దు. ఒత్తిడి దిగాక బాగున్న కంటికి కూడా ముందుజాగ్రత్తగా లేజర్ అంటారు. ఒప్పుకోండి.

నొప్పి లేకుండా ఒక కన్ను ఠక్కున చీకటి

కంటి రక్తనాళం మూసుకుపోయి ఉండొచ్చు. దీన్ని పక్షవాతంతో సమానంగా చూడాలి. 108కి ఫోన్ చేసి, స్ట్రోక్ చూసే ఆసుపత్రికే వెళ్లండి. అయిదు నిమిషాల్లో చూపు తిరిగొచ్చినా సరే. రెండు కళ్లలోనూ ఒకే పక్క సగం పోతే తేడా కంట్లో కాదు, మెదడులో. అప్పుడూ అక్కడికే.

మిగతావి

కన్ను కదిపితే నొప్పి, రంగులు వెలిసినట్టు ఉండటం: కంటి నరం వాపు. వయసులో ఉన్నవాళ్లకు ఎక్కువగా వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో చూపించుకోండి. రెండు కళ్లలో వంకరటింకర గీతలు మెరిసి అరగంటలో పోయి, ఆపైన తలనొప్పి వస్తే మైగ్రేన్ కావచ్చు. మొదటిసారైతే అది కూడా డాక్టరే తేల్చాలి.

ప్రైవేటుకు వెళ్లలేకపోతే హైదరాబాద్‌లో సరోజినీదేవి, విశాఖ, కర్నూలుల్లో ప్రాంతీయ కంటి ఆసుపత్రులు ఉన్నాయి. కౌంటర్లో "చూపు మసక" అనకండి, అద్దాలకొచ్చిన వాళ్ల వెనక టోకెన్ ఇస్తారు. "కుడి కన్ను, ఈ పొద్దున ఏడింటి నుంచి, కొత్తగా మెరుపులు, కింద నుంచి నీడ" అనండి.