సైనిక శిక్షణ భూముల్లో అరుదైన గడ్డినేల జీవాలకు ముప్పు తగ్గించే విధానం

సికింద్రాబాద్ కంటోన్మెంటు మొదలుకొని దుండిగల్ వాయుసేన అకాడమీ వరకు, హైదరాబాదు చుట్టూ ఉన్న సైనిక ప్రాంగణాల్లో నగరం ఇంకా మింగని బయలు నేల కొంత మిగిలి ఉంది. ఇటువంటి భూమిని చూసుకునే అధికారులూ, వారికి సాయపడే జీవశాస్త్ర విద్యార్థులూ మొదట గ్రహించవలసినది, శిక్షణ దానంతట అది గడ్డినేలకు శత్రువు కాదన్న సంగతి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ప్రెయిరీ అనే గడ్డి మైదానాలు సాగుకూ, ఇళ్లకూ దాదాపు హరించుకుపోగా, మిగిలినవాటిలో అధిక భాగం జాయింట్ బేస్ లూయిస్–మెక్‌కార్డ్ అనే సైనిక స్థావరంలోనే ఉంది. అక్కడ ఫిరంగి గుండ్లు పడే చోట తరచూ రేగే మంటలు చెట్లను ఎదగనివ్వకపోవడం వల్ల, 2013లో అంతరించిపోతున్న జాతిగా ప్రకటించిన టేలర్స్ చెకర్‌స్పాట్ సీతాకోకచిలుకకు నిలువ నీడ దొరికింది. మన బట్టమేక పిట్ట కూడా రాజస్థాన్‌లోని పోఖ్రాన్ ఫైరింగ్ రేంజిని ఆశ్రయించినదే. కాబట్టి ఏ విన్యాసం ఎక్కడ, ఏ నెలలో జరగాలన్నదే అసలు ప్రశ్న.

ముందుగా పటం తయారుచేయాలి. వానాకాలం, చలికాలం, ఎండాకాలం మూడింటిలోనూ నేలను పరిశీలించి, గడ్డి, పొద, రాతినేల వేరువేరుగా గుర్తించి, గూళ్లు కనిపించిన చోట్లను దానిపై చేర్చాలి. ఆ పటాన్ని శిక్షణ క్యాలెండరు పక్కన పెట్టి చూస్తే, ముప్పు ఎక్కడ ఉందో చాలావరకు తేలిపోతుంది. కౌజు, తీతువు వంటి నేలమీద గుడ్లు పెట్టే పక్షులు ఎక్కువగా ఎండాకాలం నుంచి తొలకరి దాటే వరకు పొదుగుతాయి. ఆ నెలల్లో గూళ్లున్న ముక్కలను వదిలి, గుడారాలనూ కందకాలనూ ఇప్పటికే తొక్కుడుపడిన నేలకు మార్చాలి.

అన్నిటికంటే జాగ్రత్త కోరేది నిప్పు. గడ్డినేలకు మంట అవసరమే అయినా, మొత్తం మైదానం ఒకే ఏడాది కాలితే పురుగులకూ, నక్షత్ర తాబేళ్లకూ తలదాచుకునే చోటు మిగలదు. అందుచేత నేలను ముక్కలుగా విభజించి, మధ్య మంట దాటకుండా గడ్డి తీసేసిన పట్టీలు, అంటే ఫైర్‌లైన్లు తీసి, పొదిగే కాలానికి ముందే, గాలి తక్కువగా ఉన్న ఉదయం వేళ, ఏటా కొన్ని ముక్కలను మాత్రమే కాల్చాలి. నడి వేసవిలో వెలుగుతూ దూసుకుపోయే ట్రేసర్ తూటాలు, మంట పుట్టించే సామగ్రి వాడవలసి వస్తే నీటి ట్యాంకరును పక్కనే నిలపాలి. పేలని గుండ్లు మిగిలే లక్ష్యప్రాంతంలోకి మాత్రం ఎంత అరుదైన జీవం కోసమైనా ఎవరూ అడుగుపెట్టరాదు. అక్కడ చేయగలిగినదంతా అంచున ఫైర్‌లైను ఉంచి, బయటినుంచి గమనించడమే.

వాహనాల విషయం సూటిగా చెప్పవచ్చు: వాన కురిసిన నేలపై బరువైన చక్రాలు తిరిగితే మట్టి గట్టిపడి, చాళ్లు పడి, వాటి వెంట కోత మొదలవుతుంది కనుక స్థిరమైన దారులు గీసి వాటికే కట్టుబడాలి. ఆ అమెరికా స్థావరంలో నేల తవ్వి బతికే, ఎలుకను పోలిన మజామా పాకెట్ గోఫర్ వంటి జీవానికి మట్టి గట్టిపడటమంటే ఇల్లు మూతపడటమే. బయటినుంచి వచ్చిన బండ్లను లోపలికి పంపే ముందు చక్రాలు కడిగిస్తే, వయ్యారిభామ విత్తనాలు బురదతో పాటు రావడం తగ్గుతుంది. ఆ మొక్కను పూత రాకముందే, చేతి తొడుగులు వేసుకుని పీకాలి. సర్కారు తుమ్మను పైపైన నరికితే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. వేరు మొదలుతో సహా తవ్వి తీయాలి.

ఇక, కొందరికి రుచించని మాట ఒకటి. వానాకాలం రాగానే ఖాళీ కనిపించిన చోటల్లా మొక్కలు నాటే ఉత్సాహం గడ్డినేలకు ఫిరంగికన్నా ఎక్కువ కీడు చేయగలదు. బయలుగా ఉండటమే దాని స్వభావం. దానిని బీడు అని రాసుకుని చెట్లు పెంచితే బయలును నమ్ముకున్న పక్షి వెళ్లిపోతుంది. నాటవలసినవి కార్యాలయాల చుట్టూ, రోడ్ల వెంట నాటాలి.

రన్‌వే పక్కన గడ్డిని మాత్రం ఆశ్రయంగా పెంచకూడదు. అమెరికా స్థావరంలో స్ట్రీక్డ్ హార్న్‌డ్ లార్క్ అనే పిట్ట విమానాశ్రయపు గడ్డిలో కూడా గూడు కడుతుంది గనుక అక్కడ గడ్డి కోసే వేళలను సర్దుకోవలసి వచ్చింది. దుండిగల్, హకీంపేటల్లో శిక్షణ విమానాలు ఎగురుతుంటాయి, పక్షి ఢీకొంటే ప్రాణాపాయం. కాబట్టి ఆశ్రయపు ముక్కలను రన్‌వేకు దూరంగా ఎంచుకోవాలి.

చివరగా లెక్కింపు. ప్రతి సంవత్సరం అదే నెలలో, అదే దారిలో నడిచి లెక్కించి, వరుసగా సంఖ్య తగ్గుతుంటే ఆ ముక్కలో విన్యాసాల వేళనో, మంట వంతునో మార్చాలి. గూళ్ల స్థానాలను స్థావరం అనుమతి లేకుండా బయట పంచుకోరాదు. అది భద్రతా నియమానికీ విరుద్ధం, ఫోటోల కోసం గుంపులు రావడానికీ దారి.