14 క్యారెట్ల నగ నల్లబడిందా? ముందు ఆ టూత్‌పేస్ట్ పక్కన పెట్టండి

నగ కాస్త నల్లబడగానే జనం రెండు పనులు చేస్తారు. ఒకటి, "గిల్టు అంటగట్టాడు" అని అమ్మినవాణ్ని తిట్టుకోవడం. రెండు, దానికి టూత్‌పేస్ట్ పట్టించి బరబరా రుద్దడం. మొదటిది చాలాసార్లు అన్యాయం. రెండోది ఎప్పుడూ నష్టమే.

బంగారం నల్లబడదు. నల్లబడేది అందులో కలిపిన లోహం. 18 క్యారెట్లలో బంగారం 75 శాతం, 14 క్యారెట్లలో దాదాపు 58.5, 9 క్యారెట్లలో 37.5 మాత్రమే. మిగతాది రాగి, వెండి, జింక్ లాంటివి. గాలిలోని గంధకపు వాయువులు తగిలితే వెండి నల్లబడుతుంది. చెమట, తేమ తగిలితే రాగి మసకేస్తుంది. క్యారెట్లు తగ్గేకొద్దీ ఈ బెడద ఎక్కువ. నగ లోపలివైపో కొక్కెం మీదో 375, 417, 585, 750 లాంటి అంకె ఉందేమో చూడండి. వెయ్యి పాళ్లలో బంగారం ఎన్ని పాళ్లో ఆ అంకే చెబుతుంది. 375 అని ఉన్న గొలుసు అప్పుడప్పుడు మసకబారడంలో వింతేమీ లేదు, టెన్షన్ పడక్కర్లేదు.

కావలసినవి: గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు కడిగే లిక్విడ్, రెండు గిన్నెలు, చిన్నపిల్లల టూత్‌బ్రష్, తెల్లటి నూలు గుడ్డ, బంగారానికని విడిగా అమ్మే పాలిషింగ్ క్లాత్. పెద్దవాళ్ల బ్రష్ మీద "సాఫ్ట్" అని రాసి ఉన్నా వద్దు. గుడ్డ తెల్లదే కావాలి, మురికి ఎంత వదిలిందో రంగు గుడ్డ మీద కనిపించదు.

1. నీళ్లలో రెండు చుక్కల లిక్విడ్ కలిపి నగను పదిహేను నిమిషాలు నాననివ్వండి. ముత్యాలు, పగడాలు, ఓపల్, పచ్చలు, జిగురుతో అతికించిన రాళ్లు ఉంటే నానబెట్టవద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

2. బ్రష్‌తో మెల్లగా తోమండి. రాళ్ల వెనకవైపు, గొలుసు కొక్కెం దగ్గర జిడ్డు పేరుకుంటుంది, అక్కడ కాస్త ఓపిక పట్టండి.

3. ఇంకో గిన్నెలో మంచినీళ్లు పోసుకుని జాడించండి. సింక్‌లో కుళాయి కింద పెట్టి కడగకండి. వదులైన రాయి ఊడితే నేరుగా గొట్టంలోకే పోతుంది.

4. గుడ్డతో అద్ది, గాలికి పూర్తిగా ఆరనివ్వండి.

సగం నగలకు పని ఇక్కడితో అయిపోతుంది. మసకలో చాలా భాగం జిడ్డూ సబ్బు తెట్టే. ఇంకా నలుపు మిగిలితేనే ఐదో మెట్టు. నగలు పాడయ్యేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి.

5. పాలిషింగ్ క్లాత్ పట్టేముందు అది నిజంగా నలుపేనా, కావాలని పెట్టిన రంగా అన్నది తేల్చుకోండి. చెక్కడం ఉన్న నగల్లో పువ్వు గీతల మధ్య నలుపును పనివారే పెడతారు, గీత ఎత్తుగా కనబడాలని. అది తుడిచేస్తే నగ బోసిపోతుంది. వైట్ గోల్డ్ ఉంగరం అంచుల్లో పసుపు ఛాయ తేలితే అది మురికి కాదు, పైన వేసిన రోడియం (తెల్లగా మెరిసే లోహం) పూత అరిగి లోపలి రంగు బయటపడుతోంది. రుద్దితే మిగిలిన పూత కూడా పోతుంది. దానికి మళ్లీ పూత వేయించడం ఒక్కటే దారి. గిల్టు నగలకైతే క్లాత్ జోలికే పోవద్దు.

అసలైన నలుపే అని తేలాక, పొడి నగ మీద పొడి క్లాత్‌తో, నిలువుగా ఒకే దిశలో తుడవండి. గుండ్రంగా తిప్పకండి. గొలుసును క్లాత్ మడతలో పెట్టి, రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని కొక్కెం నుంచి చివరిదాకా లాగాలి. గట్టిగా పట్టి లాగితే గొలుసులోని సన్నటి లింకులు సాగుతాయి. నాలుగైదు సార్లు లాగాక క్లాత్ మీద నల్లటి చార పడుతుంది. భయపడకండి, వదిలిన నలుపు అదే. మెరుపు రాగానే ఆపేయండి. క్లాత్‌లో ఉండే మెరుగుపొడి ప్రతిసారీ పైపొరను రవ్వంత అరగదీస్తుంది, "ఇంకొంచెం మెరవాలి" అనే ఆశే నగను పలచబరిచేది. ఈ క్లాత్‌ను ఉతకకండి. ఉతికితే అందులోని మందు పోతుంది.

టూత్‌పేస్ట్ ఎందుకు వద్దంటున్నానంటే, పళ్ల మీది గార వదిలించడానికి అందులో రాపిడి పొడి కలుపుతారు. బంగారం పంటి ఎనామిల్ కన్నా చాలా మెత్తన. అప్పటికప్పుడు తళతళలాడినా, వెలుగుకు అడ్డంగా పట్టి చూస్తే వెంట్రుకల్లాంటి గీతలు కనిపిస్తాయి. ఆ గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది. వంటసోడా ముద్ద కూడా అదే బాపతు. "మా ఇంట్లో ఎప్పటినుంచో ఇలాగే తోముతున్నాం" అనేవాళ్ల నగల్ని ఒకసారి భూతద్దంలో చూడండి చాలు.

వీటన్నిటికన్నా ప్రమాదం బ్లీచ్. ఈతకొలను నీళ్లలోనూ అదే క్లోరిన్ ఉంటుంది. అది పైరంగుతో ఆగదు, కలిపిన లోహాలను తినేసి రాయిని పట్టుకున్న కాళ్లను పెళుసుబారుస్తుంది. ఈతకు వెళ్లేముందు, బ్లీచ్‌తో ఇల్లు కడిగేముందు ఉంగరం తీసేయండి. సెంటు, క్రీములు పూసుకుని, అవి ఆరాకే నగ పెట్టుకోండి.

దాచేటప్పుడు ఒక్కో నగా ఒక్కో జిప్ కవర్‌లో, గాలి నొక్కేసి. గొలుసైతే కొక్కెం ఉన్న చివరను కవర్ బయటికి ఉంచి జిప్ వేయండి, చిక్కుపడదు. కవర్ల చుట్టూ రబ్బరు బ్యాండు మాత్రం వేయకండి, రబ్బరులో గంధకం ఉంటుంది.